కుక్క మోకాలి వాలు, గుండ్రటి రంపం

కుక్క వెనుక కాలిలో వెనక్కి మడిచినట్టు కనిపించే కీలు మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పొట్ట పక్కన, తొడ చర్మంలో సగం దాగి ఉంటుంది. వేళ్ల మీద నడిచే జంతువు కాబట్టి కుక్క మడమ నేలకు ఆనదు. ఊరికే నిలబడ్డప్పుడు కూడా దాని మోకాలు వంగే ఉంటుంది, ఆ వంపును కండరాలు పట్టి ఉంచాలి. తొడ ముందున్న కండరం మోకాలి చిప్ప మీదుగా, మోకాలి కింది ఎముక అయిన టిబియా ముందు గడ్డను పైకి లాగుతుంది. తొడ వెనక కండరాలు టిబియాను వెనక్కి పట్టుకుంటాయి. పిక్క కండరం తొడ ఎముక అడుగున మొదలై, మడమకు అతుక్కున్న లావుపాటి టెండన్‌తో ముగుస్తుంది. అంటే అది మోకాలినీ చీలమండనూ రెండింటినీ దాటిపోతుంది.

టిబియా పైభాగం చదునుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. చాలా కుక్కల్లో ఆ వాలు 20 నుంచి 30 డిగ్రీల దాకా ఉంటుంది. మనిషిలో అంత ఉండదు. కుక్క కాలు మోపగానే తొడ ఎముక గుండ్రటి చివరలు ఈ వాలు మీద వెనక్కి జారబోతాయి, టిబియా ముందుకు తన్నుకొస్తుంది. వాలులో ఆపిన బండికి తాడు కట్టినట్టు, ఆ జారుడును ఆపేది మోకాలి లోపలి ముందు క్రూసియేట్ లిగమెంట్. కుక్కల్లో అది ఒక్క దెబ్బకు తెగడం తక్కువ. పోగు పోగుగా చీకి, చివరికి మామూలు పరుగులోనే తెగుతుంది. లాబ్రడార్, రాట్‌వైలర్ లాంటి జాతుల్లో ఇది మరీ ఎక్కువ.

తెగిందో లేదో తేల్చడానికి హెండర్సన్, మిల్టన్ 1978లో వివరించిన పరీక్ష చూడముచ్చటైనది. వైద్యుడు ఒక చేత్తో తొడ అడుగును పట్టుకుని, చూపుడువేలును టిబియా ముందు గడ్డ మీద ఆనిస్తాడు. మోకాలు కదలకుండా ఉంచి, రెండో చేత్తో పాదాన్ని పైకి మడుస్తాడు. అప్పుడు పిక్క కండరం బిగుసుకుని రెండు ఎముకలనూ ఒకదానికొకటి అదుముతుంది. కుక్క నడవకుండానే నడకలో పడే భారం మోకాలి మీద పడుతుందన్నమాట. లిగమెంట్ లేకపోతే టిబియా వేలి కింద ముందుకు ఉబుకుతుంది.

తాడు తెగితే కొత్త తాడు కట్టాలన్నది మొదటి ఆలోచన. ఫిన్లాండ్‌కు చెందిన సాకి పాత్సామా 1952లో తొడ పక్కన కండరాలను కప్పి ఉండే గట్టి పొర నుంచి ఒక పట్టీ కోసి, ఎముకల్లో తొలిచిన రంధ్రాల గుండా దూర్చి లిగమెంట్ స్థానంలో నిలిపాడు. తర్వాతివారు కీలు బయటి నుంచే దారంతో బిగించారు. చేపలు పట్టే నైలాన్ తీగ కూడా అందుకు పనికొచ్చింది. చిన్న కుక్కలకు ఈ కట్టు బాగానే పనిచేసింది. బరువైన కుక్కల్లో మాత్రం ఎప్పటికో ఒకప్పుడు వదులయ్యేది, వాలు ఎప్పటిలాగే ఉండేది.

అమెరికాలోని ఓరెగాన్‌లో పనిచేసిన బార్క్లే స్లోకమ్ తాడును వదిలేసి నేల వైపు చూశాడు. టిబియా ముందుకు తన్నుకొచ్చే బలాన్ని 1983లో థెరెసా డివైన్‌తో కలిసి వివరించాడు. మరుసటి ఏడాదే ఎముకలోంచి త్రికోణాకారపు ముక్క తీసి వాలు తగ్గించే శస్త్రచికిత్స చెప్పాడు. ముక్క తీస్తే ఎముక కురచవుతుంది. అతను 1993లో ప్రకటించిన టీపీఎల్ఓ అనే మరో శస్త్రచికిత్సలో ఆ చిక్కు లేదు, దాని అందమంతా రంపంలోనే ఉంది. ఆ రంపం అంచు వృత్తఖండంలా వంగి ఉంటుంది. దానితో టిబియా పైభాగాన్ని గుండ్రంగా కోస్తే, తెగిన ముక్క తన గుంటలోనే తిరుగుతుంది. ఎంత తిప్పినా కోత ముఖాలు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. ఎముక అతకడానికి కావలసింది అదే.

24 మిల్లీమీటర్ల వ్యాసార్థం గల రంపంతో 25 డిగ్రీల వాలును 5కు దించాలంటే ముక్కను 20 డిగ్రీలు తిప్పాలి. కోత అంచున అది 8 మిల్లీమీటర్ల పైచిలుకు జరుగుడు. కోతకు ఇరువైపులా అంత ఎడంతో రెండు గాట్లు పెట్టి, ముక్కలోకి ఒక పిన్ను దించి, గాట్లు కలిసేదాకా తిప్పుతారు. పైన ప్లేటు, మరలు బిగిస్తారు. లెక్క కూడా సులువే. 100 కిలోల అదుముడులో వాలు వెంట జారే భాగం 25 డిగ్రీల దగ్గర 42 కిలోలు, 5 డిగ్రీల దగ్గర 9 కిలోలు. వాలును మరీ ఎక్కువ తీసేస్తే జారుడు ఎదురు దిశకు తిరిగి, వెనుక క్రూసియేట్ లిగమెంట్ మీద భారం పడుతుంది. అందుకే కొంత మిగులుస్తారు. తెగిన లిగమెంట్‌ను ఎవరూ అతికించరు, దాని అవసరమే తీసేస్తారు.

2002లో జ్యూరిక్ నుంచి మోంటవోన్, తెపిచ్ వేరే దారి చూపించారు. కీలు మీది బలం టిబియా నిలువు వెంట పోతుందని స్లోకమ్ లెక్క. అది మోకాలి చిప్ప టెండన్ వెంట పోతుందని వీరి వాదన. కాబట్టి వీరు వాలును ముట్టుకోలేదు. టెండన్ అతుక్కున్న ముందు గడ్డను కోసి, ఆ టెండన్ వాలుకు లంబంగా నిలిచేదాకా ముందుకు జరిపి, మధ్యలో టైటానియం పంజరం పెట్టారు. దీని పేరు టీటీఏ. బలం దిశ గురించి చెరో మాట చెప్పిన రెండు పద్ధతులతోనూ కుక్కలు నడవడం చిత్రమే. పాదం మోపిన బలాన్ని కొలిచే పలకల మీద పోల్చినప్పుడు మొగ్గు ఎక్కువగా టీపీఎల్ఓ వైపే కనబడింది.

పేటెంట్ల పట్టు సడలాక ఆ రంపాలు, ప్లేట్లు చాలా కంపెనీలు చేయడం మొదలుపెట్టాయి. ప్లేటులోనే బిగుసుకునే మరలు వచ్చాయి. కోసిన ఎముక అతకడానికి సుమారు రెండు నెలలు పడుతుంది, అన్నాళ్లూ కుక్కను గొలుసుతోనే నడిపించాలి. కీళ్ల అరుగుదల మాత్రం ఏ పద్ధతిలోనూ పూర్తిగా ఆగదు. ఒక కాలిలో లిగమెంట్ తెగిన కుక్కల్లో దాదాపు సగానికి ముందో వెనకో రెండో కాలిలోనూ తెగుతుంది. అప్పుడు ఆ కాలికి వేరే ఎక్స్‌రే తీసి, దాని వాలును దానికే కొలిచి మళ్లీ కోస్తారు.