గుండె లయకు కాపు

విశాఖ నౌకానిర్మాణశాలలో ఇనుపరేకులు అతుకు కార్మికునికి గుండె మందగించినదనుకొందము. ఎదచర్మము క్రింద పేస్‌మేకరును అమర్చుట వైద్యునకు ఒకటి రెండు గంటల పని. అసలు చిక్కు అతడు కొలువునకు మరలిన నాడు మొదలగును. వెల్డింగు యంత్రమునుండి పుట్టు విద్యుత్ప్రభావమును గుండె స్పందనయే యని పొరబడి ఆ పరికరము తన పని మానుకొనవచ్చును. నేటి పరికరములకు రక్షణ కలదు. ఐనను యంత్రమునకు ఎంత ఎడముగా నిలువవలెనో చెప్పనిదే అతనిని పంపరాదు. లయనిపుణునకు నాడి తెలిసిన చాలదు, రోగి జీవిక కూడ తెలియవలెను.

1958లో స్వీడనునందు ఆర్నె లార్సనునకు మొట్టమొదట శరీరములోపల అమర్చిన పేస్‌మేకరు కొన్ని గంటలకే ఆగిపోయెను. ఆయన మాత్రము ఇరువదికి పైగా పరికరములు మార్చుకొని, 86వ యేట, 2001లో కన్నుమూసెను. దానిని రూపొందించిన ఇంజనీరు ఎల్మ్‌క్విస్టు, అమర్చిన శస్త్రవైద్యుడు సెన్నింగు ఆయనకంటె ముందే గతించిరి! వైద్యుడు పోయినను రోగిని కనిపెట్టుకొని యుండు ఏర్పాటు మిగులవలెను గదా.

1923 నుండి విశాఖలోనున్న కింగ్ జార్జి ఆసుపత్రికి శ్రీకాకుళమునుండి, పాడేరు కొండలనుండి సైతము రోగులు వత్తురు. ఇట్టి పట్టణమున లయవైద్యశాఖను నెలకొల్పువానికి యంత్రములు కొనుట సులువైన భాగము. పేస్‌మేకరు బ్యాటరీ సుమారు పదేండ్లు వచ్చును. ఆలోగా రోగిని పలుమారులు పిలిపించి, కోత లేకుండ, ఎదపై చిన్న సాధనము నుంచి, మిగిలిన శక్తిని చదువవలెను. అందులకు శిక్షణ పొందిన సాంకేతికుడు, ఓపికగల నర్సు, ఊరిపేర్లతో కూడిన పట్టిక కావలెను. కొండ దిగిరాని వృద్ధుని పేరెదుట గడి ఖాళీగా కనిపించిన నాడు, ఆ గ్రామమునకు కబురు పంపువాడొకడుండవలెను.