సంగీత యంత్రానికొక గోష్ఠి

బాలమురళీకృష్ణ విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి వద్ద సంగీతం గురుముఖతః అభ్యసించారు. శిష్యుని స్వరం తొణికిన క్షణాననే దిద్దగల చెవి గురువుది. నేడు అదే నగరంలో, తన గదిలో ఒంటరిగా కంప్యూటరుపై బాణీలు కట్టే యువకునికి అట్టి చెవి ఎక్కడిది?

1983లో వెలువడిన మిడి విధానం వాద్యాలను కంప్యూటరుతో కలిపింది. అయితే అందులో స్థాయికి సాధారణంగా పన్నెండు మెట్లే. మెట్ల నడుమ ఊగే తోడి గాంధారాన్ని పలికించాలంటే, కీబోర్డు ప్రక్కనున్న చక్రాన్ని నేర్పుగా త్రిప్పాలి. ఆ మెళకువ పుస్తకంలో కన్న తోటివాని వ్రేళ్ళలో త్వరగా పట్టుబడుతుంది.

కనుక నెలకొక ఆదివారం పదిమంది కూడితే చాలును. ఒక కంప్యూటరు, ఒక స్పీకరు, వీణ తెలిసిన ఒక పెద్ద ఉండాలి. ప్రతివారూ తమ అసంపూర్ణ రచననే వినిపించాలి. దిద్దుబాటు ముందు, మెచ్చుకోలు తరువాత. సెలవునాడు తరగతి గది తలుపు తెరవగల ఉపాధ్యాయుడు ఒక్కరు పూనుకొంటే గోష్ఠి ఆరంభమైనట్లే.