పాలలోనికి దిగే బూజు విషం

పాలు విరిగితే వాసన తెలుపుతుంది. నీరు కలిస్తే పలుచదనం తెలుపుతుంది. కాని రంగు, రుచి, వాసన ఏదీ మారకుండానే పాలలో చేరే విషమొకటి ఉన్నది. దాని పేరు ‘అఫ్లటాక్సిన్ ఎం1’. అది పాలకుండలో పుట్టదు. పశువు తినే దాణాలో దానికి మూలమున్నది. ఈ సత్యాన్ని గ్రహిస్తే నివారణోపాయం కూడ బోధపడుతుంది.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు అంతుచిక్కని వ్యాధితో మరణించాయి. వాటి మేతలోని వేరుశనగ పిండికి ‘ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్’ అనే బూజు పట్టిందని పరిశోధనలో తేలింది. ఆ బూజు పేరు నుండియే ‘అఫ్లటాక్సిన్’ అనే పదం ఏర్పడింది. మన దేశంలో 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు గ్రామాలలో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని 397 మంది కాలేయవ్యాధికి గురి కాగా, 106 మంది మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఆ దుర్ఘటనను పరిశోధించి లోకానికి వెల్లడించారు.

వేరుశనగ, మొక్కజొన్న మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు సుపరిచితమైన పంటలే. 2014 నాటి హుద్‌హుద్, 2018 నాటి తిత్లీ తుపానులు రెండూ అక్టోబరు మాసంలోనే వచ్చాయి. అటువంటి వానలకు కళ్లంలోని గింజ తడిసినపుడు, ‘మనుష్యులకు పనికిరాదు గదా, పశువుకు పెడదాం’ అనుకోవడం పొదుపుగా తోచవచ్చు. అపాయమంతా అక్కడే ఉన్నది.

దాణాలోని ‘బి1’ అనే విషాన్ని పశువు కాలేయం ‘ఎం1’గా మార్చుతుంది. అందులో కొంత ఒక దినం లోపుననే పాలలోనికి దిగుతుంది. పసిబిడ్డ కొరకు కాచినా, పండుగనాటి షీర్ ఖుర్మా కొరకు మరిగించినా అది నశించదు. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తును అంటిపెట్టుకొని ఉంటుంది గనుక ఛీజ్ వంటి పదార్థాలలో మరింత సాంద్రమవుతుంది. ఒక గ్లాసు పాలతో ప్రాణభయం లేదు. కాని అఫ్లటాక్సిన్లు కాలేయ క్యాన్సరుకు కారకాలు. కొద్దికొద్దిగా ఏండ్ల తరబడి దేహంలో చేరడమే ప్రమాదం. శరీర బరువుతో పోల్చితే ఎక్కువ పాలు త్రాగేది పిల్లలే.

మన దేశంలో కిలో పాలకు 0.5 మైక్రోగ్రాము మించరాదని నిబంధన ఉన్నది. 2018లో జరిగిన జాతీయ పాల సర్వేలో 6,432 నమూనాలను పరీక్షించగా, 5.7 శాతం ఆ హద్దును దాటాయి. ఇది భయపడి పాలు మానవలసిన విషయం కాదు. అశ్రద్ధ చేయదగినదీ కాదు.

నివారణ మన చేతిలోనే ఉన్నది. వేరుశనగ కాయలను తేమ నూటికి 8 పాళ్లకు మించకుండా ఎండబెట్టాలి. చెక్కను, దాణాను నేలకు తగలకుండా బల్లలపై నిల్వచేయాలి. బూజుపట్టిన దానిని పశువుకు పెట్టరాదు. చెడిన దాణా మాన్పిస్తే కొద్ది దినాలలోనే పాలు శుద్ధమవుతాయి. పల్లెల నుండి వచ్చే విద్యార్థులు సెలవులలో ఈ సంగతిని ఇంటివారికి చెప్పాలి. వసతిగృహాలకు పాలు కొనే పెద్దలు వెన్న శాతంతో పాటు ఈ పరీక్షను గూర్చి కూడ విచారించాలి. పశువు తొట్టి శుభ్రంగా ఉన్ననాడే పిల్లవాని గ్లాసు శుభ్రంగా ఉంటుంది.