ఏటియొడ్డున రాత్రి మజిలీ

గ్రామపెద్దలారా,

హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల మీదుగా సైకిళ్లపై దేశము చూడ బయలుదేఱు యువకులు మీ పల్లెలలో అప్పుడప్పుడు కనబడుచుందురు. వారికి సత్రము వలదు, మంచము వలదు. చిన్న గుడారము, దుప్పటి, ఒక గిన్నె వెంట నుండును. ప్రొద్దు గ్రుంకువేళకు నీరును చెట్టునీడయు ఎచ్చట దొరకునో అచ్చటనే బస. పూర్వము బండ్లవారు చేసిన మజిలీయే ఇది. ఎద్దులు మాత్రము లేవు.

పరదేశములలో కొన్ని నదుల వెంబడి తెడ్డుపడవలవారికిని సైకిలువారికిని ఇట్టి చోట్లను ముందుగానే ఏర్పఱచి యుంతురు. చదునైన నేల, పొయ్యికి తావు, అంతకుమించి ఏమియు నుండదు. మన సీమలో తెడ్డువానికి పని తక్కువ. పుట్టి యెక్కవలెనన్న తుంగభద్రకు పోవలసినదే. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్, తోలు కప్పిన ఆ గుండ్రని బుట్టలలో పదునైదిరువదిమంది ఏఱు దాటుటయు, అవి గిరగిర తిరుగుచు సాగుటయు చూచి వ్రాసియున్నాడు. మన పెన్నలోను చిత్రావతిలోను ఏడాదిలో పెక్కు నెలలు కంటికి కనబడునది ఇసుకయే.

ఆ యిసుకయే క్రొత్తవానిని మోసగించును. మెత్తగా, చల్లగా, ముండ్లు లేక యుండును గదా యని నడియేటిలో పడక వేయును. పెన్న కర్ణాటకమున నందికొండల ప్రాంతమున పుట్టినది. చిత్రావతియు చిక్కబళ్లాపురము వైపునుండియే వచ్చుచున్నది. తుమకూరు సీమలోని దేవరాయనదుర్గమున పుట్టిన జయమంగళి, పరిగి ప్రాంతమున పెన్నలో కలియును. కావున మన నెత్తిన చుక్కలు మెఱయుచుండగనే పైసీమలో వాన కురియవచ్చును. ఆ నీరు నడురేయి ఇచ్చటికి చేరవచ్చును. పైనున్న చెఱువు మరవ పాఱినను, కట్ట తెగినను చెప్పనక్కఱలేదు. 2021 నవంబరు 19వ తేదీన చెన్నెకొత్తపల్లి మండలము వెల్దుర్తి కడ చిత్రావతిలో ఒక కారు చిక్కుకొనెను. అందలివారిని తీసికొనివచ్చుటకు జేసీబీతో దిగినవారును వెల్లువ నడుమ నిలిచిపోయిరి. తుదకు వైమానికదళపు హెలికాప్టరు వచ్చి పదిమందిని గట్టు చేర్చినది. అది పట్టపగలు జరిగిన సంగతి. గుడారములో నిద్రించువాని మాట యేమి?

ఈ సంగతులు పటములలో నుండవు, మీకు తెలియును. ఏ యేట నీరు ఏ తుమ్మచెట్టు మొదలు ముట్టినదో, ఏ వంక వెనుకకు ఎగదన్నునో మీరు చెప్పగలరు. క్రొత్తవాడు తనంతట చూడగల గుఱుతు ఒక్కటి కలదు: కొమ్మలకు చిక్కుకొని యెండిన చెత్త. ఆ చెత్త యున్న యెత్తునకు పైని, గట్టుమీద, ఊరివైపున గుడారము వేయుమని చెప్పుడు. గట్టు దాటిపోవు త్రోవ వెనుక నుండవలెను గాని ఏటికి ఆవల నుండరాదు.

త్రాగునీటికి చెలమ త్రవ్వుట మీకు క్రొత్త గాదు, వారికి క్రొత్త. మొదట ఊరిన నీటిని రెండు మూడు మాఱులు తోడివేసి, తేరినపిమ్మట గుడ్డతో వడియగట్టి కాచుకొనవలెను. ఉప్పరిసిన నీరైనచో, ఫ్లోరైడు గల బావినీరైనచో, కాచినను ఆ దోషము పోదు. అట్టిచోట ఊరిలోని మంచినీరే యిప్పించుడు. ఇసుక లోతుగా త్రవ్వి తీసికొనిపోయిన తావులలో చెలమలు ఊరుట లేదు. పైగా ఆ గుంతలు నీటితో నిండినప్పుడు లోతు తెలియక ఈతకు దిగినవాడు తిరిగి రాడు. అట్టి గుంతలు మీ యూరి రేవున నున్నచో బాటసారికి ముందుగా చూపవలసినవి అవియే.

మలవిసర్జనకు చెలమకు దూరముగా, గట్టునకు ఆవల గుంత తీసి పూడ్చుమనుడు. పెనుకొండ కొండల దాపున నైనచో అన్నపు మిగులును బయట విడువవలదని హెచ్చరింపుడు. సీతాఫలముల కాలమున ఎలుగులు దిగివచ్చును. మరవలు పాఱు దినములలో గట్టుమీద సైతము ఉండనీయక బడివసారా చూపింపుడు. అచ్చట దోమలు కొంచెము హెచ్చు.