కాకతీయ రాజకుటుంబము - వివాహబంధములు

ఆంగ్లదేశచరిత్రను జదువు విద్యార్థులకు రాజుల వంశవృక్షములు మిక్కిలి విసుగు పుట్టించును. కాని యెవరి కుమార్తె నెవరు పెండ్లాడిరో, ఆ పెండ్లివలన నే రాజ్య మెవరికి సంక్రమించెనో తెలియనిదే ఆ చరిత్ర బోధపడదు. మన దేశచరిత్రయు నట్టిదే యని చూపుటకై, మన జీడిమెట్లకు ఈశాన్యముగా నున్న ఓరుగల్లును రాజధానిగా జేసికొని యేలిన కాకతీయుల కుటుంబమును గూర్చి కొంచెము వ్రాయ సంకల్పించితిమి.

గణపతిదేవుడు 1199 మొదలు 1262 వరకు రాజ్యము చేసెను. ఆయన తీరాంధ్రమును వశపరచుకొనుటలో ఖడ్గ మెంత పని చేసెనో కల్యాణమును నంత పని చేసెను. దివిసీమ నేలుచుండిన అయ్యవంశపు పినచోడిని లోబరచుకొని, ఆ సీమ నాతనికే విడిచి, నారాంబ, పేరాంబ యను నాతని కుమార్తెల నిరువురను బెండ్లాడెను. వారి సోదరుడగు జాయపను గజసాహిణిగా నియమించెను. నృత్తరత్నావళి యను నాట్యశాస్త్రగ్రంథమును సంస్కృతమున రచించిన జాయపసేనాని యీతడే. నిన్నటి పగవాని కుమారుడు నేడు బావమరిది యగుటచే రాజ్యమునకు సేనానియు, లోకమునకు నొక శాస్త్రగ్రంథమును లభించినవి.

రాజుగారి తోబుట్టువులగు మైలాంబ, కుందాంబలు నతవాడి ప్రభువుల యింటి కోడండ్రైరి. మైలాంబ వేయించిన బయ్యారము చెరువు శాసనము కాకతీయుల పూర్వుల వంశక్రమమును దెలుపు ముఖ్యాధారములలో నొకటి. మెట్టినింట నున్న యాడుబిడ్డ పుట్టినింటి వంశావళిని శిలపై నిలుపుట గమనింపదగిన విషయము. ఇక రాజపుత్రికలలో గణపాంబను ధరణికోట నేలు కోట బేతరాజునకును, రుద్రమదేవిని నిడదవోలు చాళుక్యుడగు వీరభద్రునకును నిచ్చిరి. భర్త మరణించిన పిమ్మట గణపాంబయే యా సీమను బాలించెను.

సింహాసనమునకు రాదగిన కుమారుడు లేనందున గణపతిదేవుడు రుద్రమకు రుద్రదేవుడను పురుషనామ ముంచి రాజ్యాధికార మొసగెను. ఇంగ్లండులో మొదటి హెన్రీ రాజున కిట్టి చిక్కే వచ్చెను. ఆయన 1127లో తన కుమార్తె మటిల్డాకు ప్రభువులచే ప్రమాణము చేయించెను. కాని 1135లో ఆయన మరణింపగనే మేనల్లుడు స్టీఫెను సింహాసన మాక్రమించెను. మటిల్డాకు పట్టాభిషేకమే జరుగలేదు. ఆమె కుమారుడు రెండవ హెన్రీ 1154లో రాజయ్యెను. మన రుద్రమయో, 1262 మొదలు 1289 వరకు స్వయముగా రాజ్యమేలినది.

రుద్రమకు మువ్వురు కుమార్తెలు. ముమ్మడమ్మ కుమారుడగు ప్రతాపరుద్రుని ఆమె దత్తత చేసికొనగా, ఆతడు 1289 మొదలు 1323 వరకు రాజ్యమేలెను. రెండవ కుమార్తె రుద్రమ యాదవవంశీయుడగు ఎల్లణదేవునకును, రుయ్యమ్మ మంత్రియగు ఇందులూరి అన్నయకును భార్యలైరి. ఇట్లు ఇంగ్లండునను ఓరుగంటను దౌహిత్రునివలననే రాజ్యము నిలిచినది.

ఒక భేదమును జెప్పవలసియున్నది. మనలో మేనరికము మెచ్చదగిన సంబంధము. ఐరోపాలో రక్తబంధువుల వివాహమును క్రైస్తవసంఘము నిషేధించెను. ఫ్రాన్సు రాజగు ఏడవ లూయీకిని అక్విటేను సంస్థానపు వారసురాలగు ఎలియనోరునకును జరిగిన వివాహము ఈ కారణము జూపియే 1152లో రద్దయ్యెను. ఆమె యా యేటనే పైని జెప్పిన రెండవ హెన్రీని వరించుటచే, ఆ విశాలదేశ మాతని చేతికి బోయెను. ఒక్క పెండ్లి రెండు రాజ్యముల తూనికను మార్చినది.

సంబంధము తప్పుగా దెలిసిన చరిత్రయే తప్పును. ఇటలీదేశపు యాత్రికుడగు మార్కోపోలో మోటుపల్లి ప్రాంతము నేలు రాణిని మృతుడైన రాజు భార్యగా వ్రాసెను. దానిని బట్టి చిరకాలము రుద్రమను గణపతిదేవుని పత్నిగానే పలువురు తలచిరి. శాసనములును, విద్యానాథుని ప్రతాపరుద్రీయమును పరిశోధించిన పిమ్మట ఆమె కుమార్తె యని స్థిరపడినది. శిలలు మిగిలియుండకున్న ఈ మహారాజ్ఞికి దన తండ్రియు దక్కకపోయెడివాడు.

కావున, విద్యార్థులారా, మీ గ్రామములలోని దేవాలయములయొద్దను, చెరువుగట్లమీదను శాసనశిలలు గనబడిన వానిపై సున్నము పూయనీయకుడు. మెట్లకును అరుగులకును వాడనీయకుడు. వానిలో నెవరి పుట్టినిల్లు, ఎవరి మెట్టినిల్లు వ్రాయబడియున్నదో చదివించి తెలిసికొనుడు. మన పూర్వుల చుట్టరికములు వానియందే భద్రముగా నున్నవి.