వెబ్ పుటపై గురులఘు చిహ్నాలు: అమరికలోని చిక్కులు

ఛందోవిషయక వ్యాసంలో పద్యపాదంపై ఉంచే గురులఘు చిహ్నాలు అలంకారాలు కావు. వ్యాసకర్త తన వాదానికి చూపే ఆధారాలు. గురుచిహ్నం ఒక్క అక్షరం పక్కకు జరిగితే భగణం జగణంగా కనిపిస్తుంది. అచ్చులో ఒకసారి కుదిరిన అమరిక మారదు. వెబ్ పుటకు ఆ స్థిరత్వం లేదు. తెలుగు అక్షరాల వెడల్పులు సమానం కావు కనుక, ఖాళీలు పెట్టి పేర్చిన చిహ్నాల వరుస ఫాంటు మారగానే చెదురుతుంది. పాదాన్ని చిత్రంగా మార్చి పెడితే అమరిక నిలుస్తుంది గాని, ఆ పద్యం వెతుకులాటకు దొరకదు, ఉల్లేఖించడానికి నకలు కాదు.

హెచ్‌టీఎంఎల్‌లోని రూబీ పద్ధతి ఇక్కడ ఉపకరిస్తుంది. జపనీయ రచనలో కంజి అక్షరాలపై ఉచ్చారణను సూచించే చిన్న లిపి కోసం ఏర్పడిన ఈ పద్ధతి, ఒక్కొక్క మూలాక్షరానికి దాని గుర్తును జతచేస్తుంది. ఫాంటు మారినా జత విడిపోదు. అయితే పాదాన్ని ఎక్కడెక్కడ విడదీయాలన్నది అసలు ప్రశ్న.

'అక్షరము' అనే మాటలో ఛాందసికుని లెక్కకు నాలుగు అక్షరాలు: ఒక గురువు, మూడు లఘువులు. యూనికోడ్ అక్షరవిభజన నియమాలు చాలాకాలం 'క్ష'ను పొల్లు దగ్గర రెండుగా చీల్చి, ఈ మాటను ఐదు ముక్కలుగా లెక్కించేవి. 2023లో వెలువడిన 15.1 సంచిక తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను ఒకే ముక్కగా పరిగణించింది. దీంతో సమస్య తీరిందనుకోవడం తొందరపాటు. 'రాజుల్' అన్నప్పుడు చివరి పొల్లు ముందున్న 'జు'తో కలిసి ఒక గురువవుతుంది. కొత్త నియమం ప్రకారం కూడా అది విడి ముక్కే. లిపిపరమైన విభాగమూ ఛందఃపరమైన అక్షరమూ ఒకటి కావు.

విభజన సరిగా జరిగినా, గుర్తును నిర్ణయించే పనిని యంత్రానికి పూర్తిగా వదలలేము. 'నిజప్రాణము' అనే సమాసంలో 'జ' గురువు. 'తన ప్రాణము'లో 'న' సాధారణంగా లఘువే. ఈ భేదం పదస్వభావాన్ని ఎరిగినవారు చేయవలసిన నిర్ణయం.

చిహ్నాల ఎంపికలోనూ ఒక ప్రమాదముంది. యూనికోడ్‌లో ఛందస్సుకు ప్రత్యేకించిన గుర్తులున్నాయి. అవి పాశ్చాత్య సంప్రదాయానివి. వాటిలో పైకి తెరుచుకున్న అర్ధవలయం హ్రస్వాన్ని తెలుపుతుంది. తెలుగులో ఇంచుమించు అదే ఆకారం గురువు! చూపుకు దగ్గరగా ఉన్నదని దానిని గ్రహిస్తే, తెర చదివే సాఫ్ట్‌వేర్‌పై ఆధారపడే పాఠకునికి గురువు హ్రస్వంగా వినిపించవచ్చు. ఆ గుర్తుకు బదులు 'గు', 'ల' అని తెలుగులోనే రాయడం మేలు.

ప్రాసను రంగుతో చూపేవారికి మరో చిక్కు. ప్రాస హల్లుకే గాని దానిపై అచ్చుకు కాదు. కాని 'తి'లోని తకారానికి మాత్రమే రంగు వేయబోతే, గుడి విడిపోయి చుక్కల వలయంపై తేలవచ్చు. మొత్తం అక్షరానికి రంగు వేసి, హల్లును వ్యాఖ్యలో పేర్కొనడమే క్షేమం.

రూబీ పాఠాన్ని నకలు చేస్తే చిహ్నాలు పద్యాక్షరాల మధ్య చొరబడే అవకాశం ఉంది. అందువల్ల పద్యాన్ని ముందుగా ఏ గుర్తులూ లేకుండా యథాతథంగా ఇచ్చి, గణవిభజనను దాని కింద వేరుగా చూపాలి. స్థలం కొంత ఎక్కువ పడుతుంది. వెబ్ పుటకు కాగితం ఖర్చు లేదు.