పార్శ్వశూల – ఇంటి వైద్యము ఎంతవరకు?

ప్రక్కటెముకల నొప్పిని మన ఇండ్లలో “పక్క పట్టింది”, “డొక్కలో పోటు”, “వాయువు పట్టింది” అందురు. పేరు పెట్టుటతోనే రోగనిర్ణయము ముగిసినట్లు భావించి, ఇంట నున్న తైలమేదో మర్దించి ఊరకుందురు. తరచుగా నొప్పి తగ్గును గూడ. అట్లు తగ్గక వారముల తరబడి వేధించు నొప్పిని గూర్చి పాఠకులకు కొన్ని విషయములు చెప్పదలచితిని.

ఆయుర్వేదములో దీనికి పార్శ్వశూల యని పేరు. కఫము ప్రక్కలలో వాయువును అడ్డగించినపుడు సూదులతో గ్రుచ్చినట్లు పోటు, ఊపిరి తీయుట కష్టము, అన్నముపై అయిష్టము, నిద్రలేమి కలుగునని సుశ్రుతుడు ఉత్తరతంత్రములో వర్ణించెను. చరకుడు ఇదే నొప్పిని దగ్గు, జ్వరములతోపాటు రాజయక్ష్మ, అనగా క్షయవ్యాధి లక్షణములలో చేర్చెను. ఒకే నొప్పి ఒకచోట వాతకఫముల వికారము, మరియొకచోట క్షయకు సూచన. పార్శ్వశూలకు నూనె రాయుటయే ఆయుర్వేదమని తలచువారు మన శాస్త్రమును సగమే చదివినవారు.

మనకు ప్రక్కకు పన్నెండు చొప్పున 24 ప్రక్కటెముకలు గలవు. పై ఏడు జతలు మృదులాస్థి ద్వారా రొమ్ముటెముకకు నేరుగా అతికియుండును. తరువాతి మూడు జతలు తమ పైదాని మృదులాస్థిని ఆనుకొనును. చివరి రెండు జతలు ముందువైపు దేనికిని అంటవు. విరిగిన చేతికి కట్టు కట్టి విశ్రాంతి నీయవచ్చును. ప్రక్కటెముకకు ఆ వీలు లేదు. నిమిషమునకు 15 సార్లు ఊపిరి తీసినను దినమునకు ఇరువది వేల సార్లకు పైగా అది కదలవలసినదే. స్వల్పమైన బెణుకు గూడ మానుటకు వారములు పట్టుట ఇందుచేతనే.

కామారెడ్డి జిల్లా మహమ్మద్‌నగర్ పరిసరములనుండి ఈ బాధతో నాయొద్దకు వచ్చువారిలో ఎక్కువమందికి నొప్పి మూలము వారి పనిలోనే కనబడును. 1931లో పూర్తియైన నిజాంసాగర్ నీటితో వరి పండు ప్రాంతమిది. నాట్లు వేయుచు దినమంతయు వంగుట, ధాన్యపు బస్తాను ఒక ప్రక్కకు తిరిగి ఎత్తుట – ప్రక్కటెముకల నడుమ కండరములు పట్టివేయుటకు ఇవి చాలును. ఇక ఈ జిల్లాలో బీడీలు చుట్టు స్త్రీలు అనేకులు. ఒడిలో చాట పెట్టుకొని, మెడ వంచి, భుజములు ముందుకు ముడిచి గంటల తరబడి కూర్చుందురు. వీరిలో కొందరికి రొమ్ముటెముక ప్రక్కన మృదులాస్థి కలియుచోట నొప్పి నిలిచిపోవును. అచ్చట వ్రేలితో నొక్కగనే ఉలికిపడుదురు. కుట్టుమిషను ముందు, కంప్యూటరు ముందు వంగి కూర్చొను పట్టణవాసులకును ఇదే బాధ. ఇది ప్రమాదకరము కాదు గాని తగ్గుటకు కొన్ని నెలలు గూడ పట్టవచ్చును.

ఇట్టి నొప్పులకు ఇంటి వైద్యము చక్కగా పనిచేయును. నువ్వులనూనెను గోరువెచ్చగా కాచి, దించిన పిమ్మట కొంచెము కర్పూరము కలిపి, ప్రక్కటెముకల వెంబడి తేలికగా రాయవలెను, అదిమి రుద్దరాదు. తరువాత వావిలాకును గాని, దొడ్డుప్పును గాని వేయించి, గుడ్డలో మూటకట్టి పది నిమిషములు కాపడము పెట్టవలెను. మధుమేహరోగులకు చర్మముపై స్పర్శ తగ్గియుండవచ్చును గనుక మూట వేడిని ఇంటివారు తమ చేతిపై చూచి పెట్టవలెను. ఈ జాగ్రత్త లేక బొబ్బలెక్కినవారిని చూచితిని. దగ్గు, ఆయాసములతో కూడిన పార్శ్వశూలకు చరకుడు పుష్కరమూలమును శ్రేష్ఠమనెను. దానిని వైద్యుని సలహాతోనే వాడవలెను. పని నడుమ అరగంటకొకసారి లేచి, భుజములు వెనుకకు త్రిప్పి, నిదానముగా దీర్ఘశ్వాసలు తీయుట ఏ తైలమునకును తీసిపోదు.

దెబ్బ తగిలిన మొదటి రెండు దినములు మర్దన, కాపడము రెండును కూడదు. గుడ్డలో చుట్టిన మంచుగడ్డ మేలు. ఎముక చిట్లినదని రొమ్ము చుట్టు చీరతో బిగించి కట్టుట పాత అలవాటు. అట్లు కట్టినచో ఊపిరి నిండుగా ఆడక, ఊపిరితిత్తులలో కఫము నిలిచి న్యుమోనియాకు దారితీయును. దిండును ప్రక్కకు అదిమి పట్టుకొని దగ్గవలెను; గంటకొకసారి పది దీర్ఘశ్వాసలు తీయవలెను. కాల్చి వాతలు పెట్టుట మాత్రము ఏ పరిస్థితిలోను అంగీకరింపరానిది.

ఇక నూనె సీసా మూసివేయవలసిన సందర్భములు. దగ్గు రెండు వారములు దాటినను, సాయంత్రపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట ఉన్నను ప్రక్కనొప్పిని క్షయగా అనుమానించవలెను. బీడీ చుట్టువారు దగ్గును పొగాకు ధూళిపైకి నెట్టివేయుదురు; ఆలస్యమంతయు అక్కడనే. కళ్ళె పరీక్షయు, మందులును ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. చికిత్స పొందువారికి పోషణకై నెలకు ఇచ్చు సహాయమును 2024 నవంబరునుండి 500 రూపాయలనుండి వేయి రూపాయలకు పెంచిరి.

ఒక్క ప్రక్కనే, వీపునుండి రొమ్ము వరకు పట్టీవలె మంట పుట్టి, కొన్ని దినములకు నీటిపొక్కులు లేచినచో అది సర్పి. దీనినే అక్కి యందురు. జాజుతో అక్కి వ్రాయించుకొనుట మన గ్రామములలో నేటికిని గలదు. అయితే వైరస్‌ను అణచు మాత్రలు పొక్కులు లేచిన 72 గంటలలోపు మొదలుపెట్టినపుడే బాగుగా పనిచేయును. ఆ మూడు దినములు గడిచిపోయినచో, ముఖ్యముగా వృద్ధులలో, పొక్కులు మానినను నొప్పి నెలల తరబడి నిలువవచ్చును.

రొమ్ముపై బరువు పెట్టినట్లుండి ఎడమచేతికి, దవడకు ప్రాకినను, చెమటలు పట్టినను, హఠాత్తుగా ఆయాసము వచ్చినను, దగ్గులో నెత్తురు పడినను మరుక్షణమే 108కి ఫోను చేయవలెను. నొక్కిన చోట నొప్పి యున్నది గనుక గుండెజబ్బు కాదని నిశ్చింతగా నుండరాదు. కుడిప్రక్క అడుగున, భోజనానంతరము వచ్చు పోటు పిత్తాశయములోని రాళ్ళవలన కావచ్చును. నడుమునుండి గజ్జకు దిగు పోటు మూత్రపిండములో రాయివలన కావచ్చును. వృద్ధులకు దెబ్బయే లేకుండ, రాత్రులు నిద్రలేపు ఎముక నొప్పి వచ్చినచో దానిని వాతమని సరిపెట్టరాదు. కాన్సరు ఎముకకు ప్రాకుట వంటి కారణములు గూడ ఉండవచ్చును.

ఈ ప్రమాద సూచనలేవియు లేనిచో ఇంటి వైద్యమునకు నేనిచ్చు గడువు రెండు వారములు. అప్పటికి నొప్పి సగమైన తగ్గనిచో పరీక్ష అవసరము. నొప్పిమాత్రలను దుకాణములో కొని నెలల తరబడి మ్రింగినచో కడుపులో పుండ్లు, మూత్రపిండములకు హాని కలుగును. మహమ్మద్‌నగర్ ప్రాంతమువారికి బాన్సువాడలోను, కామారెడ్డిలోను ప్రభుత్వ ఆసుపత్రులు గలవు; కామారెడ్డిలో 2023లో వైద్యకళాశాల గూడ ప్రారంభమైనది. ఎక్సరేలో ఏమియు కనబడలేదని నొప్పి అబద్ధమని అర్థము కాదు. మృదులాస్థి ఎక్సరేలో కనబడదు. సన్నని పగుళ్ళు మొదట తప్పిపోవుట గలదు. వైద్యుని కడకు వెళ్ళునపుడు నొప్పి మొదలైన తేదీని, ఊపిరికి, భోజనమునకు, కదలికకు దానితో గల సంబంధమును, అంతవరకు వాడిన తైలములు, కషాయములు, మాత్రలన్నిటిని ఒక కాగితముపై వ్రాసుకొని తీసుకొనిపోవలెను.